పన్ను తీయించే ముందు నొప్పి తీరు గమనించండి

మీరు రాసిన వివరాలను బట్టి, కింది కుడివైపు దవడ పన్ను పది రోజులుగా బాధిస్తోంది. మొదట్లో చల్లనీళ్ళకు జివ్వుమనేది, ఇప్పుడు వేడి కాఫీ తాగితే పోటు మొదలై అరగంట దాకా వదలడం లేదు. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మూడు రోజులు వేసుకున్నా ఫలితం లేదు, ఇంట్లో పెద్దవాళ్ళేమో పన్ను పీకించేయమంటున్నారు. నేను దంతవైద్యుణ్ణి కాను, పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో ఉపాధ్యాయుణ్ణి. రకరకాల పంటి నొప్పులు స్వయంగా పడ్డాను, నిలబెట్టుకోదగిన ఒక పన్నును అశ్రద్ధవల్ల పోగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జివ్వుమనడం, పోటు, సలుపు, నమిలినప్పుడు కలుక్కుమనడం అని మనం వాడే మాటలు నిజంగానే వేర్వేరు బాధలను చెబుతాయి. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదానికన్నా, దేనివల్ల మొదలవుతోంది, ఆ కారణం తొలగాక ఎంతసేపు నిలుస్తోంది, ఏమీ తగలకుండా దానంతటదే వస్తోందా అన్నవే అసలు కారణాన్ని పట్టిస్తాయి. నన్ను చూసిన దంతవైద్యురాలు మొదట అడిగిన ప్రశ్నలూ ఇవే.

చల్లనివో, పుల్లనివో తగిలినప్పుడు జివ్వుమని కొన్ని సెకన్లలో పోయేది సాధారణంగా పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామెల్, అరిగినందువల్లనో, చిగురు కిందికి జారి వేరు భాగం బయటపడినందువల్లనో, పుచ్చు అప్పుడే మొదలవుతున్నందువల్లనో వస్తుంది. నాకు ముప్పై ఏళ్ళ వయసులో వచ్చింది ఇదే. చిన్నప్పటినుంచి కచికలో (పిడకల బూడిదలో) ఉప్పు కలిపి, వేలితో గట్టిగా అడ్డంగా రుద్దే అలవాటు ఉండేది, దాంతో చిగుళ్ళ దగ్గర పళ్ళు గాడి పడినట్టు అరిగిపోయాయి. మెత్తని బ్రష్‌కు మారి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడితే నెల రోజులకు తగ్గింది. ఆ దశలో పుచ్చు ఉన్నా, శుభ్రం చేసి సిమెంటు నింపితే చాలు.

మీ నొప్పి ఆ దశ దాటినట్టు కనిపిస్తోంది. పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా చేరితే ఆ గుజ్జు వాస్తుంది, కానీ చుట్టూ గట్టి గోడలే కాబట్టి వాపు సాగడానికి చోటుండదు, ఒత్తిడంతా నరం మీద పడుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరగడంవల్ల రాత్రిళ్ళు పోటు భరించలేనిదవుతుంది. వేడికి మొదలై చాలాసేపు నిలవడం, దానంతటదే రావడం ఈ దశకు గుర్తులు. యాంటీబయాటిక్ ఈ వాపును తగ్గించలేదు. ఇక్కడ మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఒకరోజు ఈ నొప్పి హఠాత్తుగా మాయం కావచ్చు. నాకూ అలాగే మాయమైతే నయమైందనుకున్నాను, నిజానికి లోపలి గుజ్జు చచ్చిపోయింది. రెండు నెలల తర్వాత వేరు చివర చీము పట్టి, పన్ను పొడవైనట్టు అనిపించి, కింది పన్ను ఆనితేనే ప్రాణం పోయినంత పనయింది.

మిగిలిన కారణాలను కూడా ఒకసారి సరిచూసుకోండి. కొరికి వదిలినప్పుడు మాత్రమే కలుక్కుమంటే పంటిలో బీట ఉండవచ్చు. పై దవడ పళ్ళు నాలుగైదు ఒకేసారి లాగుతూ, తల వంచితే ఎక్కువైతే, అది సైనస్ కావచ్చు. మా అక్కయ్యకు నూర్పుల దుమ్ములో జలుబు చేసి ఇలాగే వస్తే, ఏ పన్ను పీకాలో తెలియక ఆగిపోయారు, ముక్కుకు వైద్యం చేస్తే పళ్ళ నొప్పి పోయింది. చివరి పన్ను మీద చిగురు వాచి నోరు తెరవడం కష్టమైతే జ్ఞానదంతాన్ని అనుమానించాలి. నడిచినప్పుడు కింది దవడ లాగి, కూర్చుంటే తగ్గితే, ముఖ్యంగా ఛాతీ బరువు, చెమటలు తోడైతే, అది గుండెకు సంబంధించినది కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వైద్యుని దగ్గరకు వెళ్ళేలోపు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, ఆ పక్క నమలకండి, తల కింద దిండు ఎత్తుగా పెట్టుకోండి. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గాని రెండు గాని ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు, రోజుకు ఎనిమిది మించకూడదు. కాలేయం జబ్బు, మద్యం అలవాటు ఉన్నవాళ్ళు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. ఐబుప్రొఫెన్ దీనికన్నా బాగా పనిచేస్తుంది గాని కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్ళూ గర్భిణులూ సొంతంగా వాడకూడదు. లవంగ నూనె చుక్క దూదితో పుచ్చులో పెడితే కాసేపు తిమ్మిరెక్కుతుంది, చిగురుకు అంటితే మాత్రం కాలుతుంది. మాత్రను నలిపి పంటి దగ్గర అదమడం ఇంకా ప్రమాదం. మా అమ్మమ్మ వాకుడు గింజల పొగ పట్టించేది, పురుగు రాలుతుందని నమ్మేది. పుచ్చులో పురుగు ఉండదు, తీపిని ఆమ్లంగా మార్చే బాక్టీరియా ఉంటుంది, దానికి ఏ పొగా మందు కాదు. దవడ కింద వాపు, జ్వరం, మింగడం కష్టం, నోరు తెరుచుకోకపోవడం, ఊపిరి ఇబ్బంది వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇక తీయించాలా అన్న ప్రశ్న. ముందు ఎక్స్‌రే తీయించండి. వేరు, చుట్టూ ఎముక బాగుంటే రూట్ కెనాల్ (లోపలి చెడిన గుజ్జు తీసి, శుభ్రం చేసి, నింపే చికిత్స) చేయించి పన్నును నిలబెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దవడ పన్ను పోతే పక్కవి ఒరుగుతాయి, పైది కిందికి దిగుతుంది. ఖర్చు సమస్య అయితే భీమవరం, రాజమహేంద్రవరం ప్రాంతాల్లోని దంతవైద్య కళాశాలల్లో అడిగి చూడండి, అలాంటి చోట ఫీజులు సాధారణంగా తక్కువగా ఉంటాయి. రూట్ కెనాల్ తర్వాత పంటి మీద తొడుగు, అంటే క్యాప్, వేయించడం వాయిదా వేయకండి. నొప్పి లేదుకదా అని నేను ఎనిమిది నెలలు ఆగాను. సంక్రాంతికి చేగోడీ కొరికితే పన్ను వేరుదాకా నిలువునా చీలింది, అప్పుడిక పీకించడం తప్ప మరో దారి లేకపోయింది.