అర్థం కాకపోతే రోజర్ అనొద్దు

తిరుపతి

పాపకు,

పెదనాయన ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు అన్న మాట రాత్రంతా నన్ను వదల్లేదు. "విమానం నడపడం కంటే రేడియోలో మాట్లాడాలంటేనే టెన్షన్ పెదనాయనా. టవర్ వాళ్లు గబగబా ఏదో అంటారు, సగం అర్థం కాదు, రోజర్ అనేస్తాను" అన్నావు. ఒంటరిగా ఎగరాల్సిన సోలో దగ్గర పడిందని కూడా చెప్పావు. ఇట్లాంటివి ఫోన్‌లో చెబితే గాలికి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు విమానాశ్రయం టవర్‌లో కంట్రోలర్‌గా పైలట్ల మాటలు వింటూ బతికినవాణ్ని, కాస్త ఓపిగ్గా చదువు.

రోజర్ అంటే "సరే, చేస్తాను" అని కాదు. "మీరు చెప్పింది నా చెవిన పడింది" అని, అంతే. చేస్తానని చెప్పడానికి విల్కో ఉంది. అవునంటే అఫర్మ్, కాదంటే నెగటివ్. ఇవన్నీ రేడియో లైసెన్సుకు రాసే ఆర్‌టీఆర్ పరీక్షకు చదివే ఉంటావు. చదవడంతో పోయే ఇబ్బంది కాదిది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "అర్థమైందా?" అనగానే, అయినా కాకపోయినా "ఆఁ, అయింది" అనడం మనకు అలవాటు. మళ్లీ అడిగితే మొద్దు అనుకుంటారేమోనని మొహమాటం. ఆ మొహమాటాన్ని నేల మీదే వదిలేసి విమానం ఎక్కు తల్లీ.

నా కళ్లముందు జరిగింది చెబుతాను. అప్పుడు నేను వేరే రాష్ట్రంలో, శిక్షణ విమానాలు ఎక్కువగా తిరిగే ఒక చోట పనిచేస్తున్నాను. ఒక కుర్రాడు సోలోకి బయల్దేరి రన్‌వే అంచుకు వచ్చాడు. ఇంకో చిన్న విమానం దిగడానికి దగ్గరికి వచ్చేసింది. "హోల్డ్ షార్ట్" అన్నాను, అంటే రన్‌వే ఎక్కకుండా గీత దగ్గరే ఆగమని. "రోజర్" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఏదో రాసుకుని తలెత్తి చూసేసరికి అతని విమానం గీత దాటి రన్‌వే మీదికి వచ్చేస్తోంది. దిగే విమానాన్ని వెంటనే గో అరౌండ్ అని పైకి పంపేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ఆ కుర్రాణ్ని అడిగితే "లైనప్ అన్నారనుకున్నాను సార్" అన్నాడు. అబద్ధం కాదది. రన్‌వే ఎక్కాలన్న ఆత్రంలో ఉన్నవాడి చెవికి ఎక్కమన్నట్టే వినపడుతుంది. హోల్డ్ షార్ట్ అన్న మాటను పైలట్ నోటితో తిరిగి పలికించుకోవడం కంట్రోలర్ బాధ్యత, నేనేమో రోజర్‌తో సరిపెట్టుకున్నాను. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మీ తాత రేణిగుంట పక్కన రైల్వే గేటు దగ్గర పనిచేశాడని నీకు తెలుసు కదా. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి ఫలానా బండి వస్తోంది, గేటు వెయ్యమంటే, తాత గేటు వేసి, తాళం వేసి, వేసినట్టు రుజువుగా తన కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పేవాడు. అవతల ఆయన దాన్ని పుస్తకంలో రాసుకునేవాడు. "వేశాను సార్" అన్న ఒక్క మాట చాలదు. ఇంత తతంగం ఎందుకని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. టవర్‌లో ఆ సంఘటన జరిగాక తాత గుర్తొచ్చాడు. విన్నదాన్ని తిరిగి చెప్పే మీ రీడ్‌బ్యాక్ కూడా అట్లాంటిదే పాపా.

కాబట్టి క్లియరెన్సులు (టవర్ ఇచ్చే అనుమతులు), రన్‌వే నంబరు, హోల్డ్ షార్ట్, దిగమన్న మాట, ఎగరమన్న మాట, ఎత్తు, హెడింగ్ (పోవాల్సిన దిశ), క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి పీడనం), ట్రాన్స్‌పాండర్ కోడు (రాడార్‌లో నిన్ను గుర్తుపట్టే నంబరు), వీటిలో ఏది చెప్పినా నీ కాల్‌సైన్‌తో, అంటే రేడియోలో నీ విమానం పేరుతో సహా తిరిగి చెప్పాలి. మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని అంకెలు ముందు రాసుకో, రాసింది చూసి చదువు. క్యూఎన్‌హెచ్ 1009 అంటే 1019 అని విన్నావనుకో, ఆల్టిమీటర్ నిన్ను దాదాపు 270 అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు చూపిస్తుంది. నువ్వేమో అంత కిందుగా పోతుంటావు. ఎప్పుడైనా ఇటువైపు క్రాస్ కంట్రీ వస్తే శేషాచలం కొండలు కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజున వాటి దగ్గర ఆ 270 అడుగులు ఎంత విలువైనవో నీకే తెలుస్తుంది.

1989 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ దగ్గర ఒక సరుకుల 747 ఇట్లాగే కొండను గుద్దుకుంది. కంట్రోలర్ "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. ఆయన ఉద్దేశం 2400 అడుగులు. ఇంగ్లీషులో రెండుకీ "కు" అనే అర్థమున్న మాటకీ పలుకు ఒకటే కదా, పైలట్ దాన్ని 400 అడుగులకు దిగమన్నట్టు తీసుకున్నాడు. "ఓకే, ఫోర్ జీరో జీరో" అని తిరిగి కూడా చెప్పాడు. అంటే తప్పు గాల్లోకి బయటపడింది, పట్టుకునే అవకాశం వచ్చింది. అవతల ఎవరూ పట్టుకోలేదు. నలుగురు పోయారు. నువ్వు తిరిగి చెప్పాక కంట్రోలర్ మౌనంగా ఉన్నంత మాత్రాన నువ్వు విన్నది సరైనదేనని నమ్మకు. చెప్పిన ఎత్తు చార్టులోని కొండలతో పొసగకపోతే "కన్ఫర్మ్" అని అడుగు. ఎంత సీనియర్ కంట్రోలరైనా సరే అడుగు. నాకైతే అడిగే విద్యార్థి గొంతు వింటే ధైర్యంగా ఉండేది.

మాట్లాడటానికి రేడియో మీటను నొక్కే ముందు రెండు క్షణాలు విను. ఇద్దరు ఒకేసారి నొక్కితే మిగతావాళ్లకు కీచుమన్న శబ్దం తప్ప మాట అందదు. 1977 మార్చి 27న టెనరిఫేలో పొగమంచులో రెండు 747లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయిన రోజున, ప్రమాదాన్ని ఆపగలిగిన మాటలు అట్లాంటి కీచుమోతలోనే కలిసిపోయాయి. టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడూ రద్దు చేసేటప్పుడూ తప్ప వాడకుండా, మిగతా చోట్ల డిపార్చర్ అనడం ఆ తర్వాత నుంచే. నువ్వు కూడా అట్లే అలవాటు చేసుకో. మీట నొక్కగానే మాట మొదలుపెట్టకు, ఒక్క క్షణం ఆగు. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది, తెగింది నీ కాల్‌సైనే అయితే మాట్లాడింది ఎవరో టవర్‌కు తెలియదు. మీ స్కూలు విమానాల చివరి అక్షరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయన్నావు కదా, వేరేవాళ్ల క్లియరెన్సుకు నువ్వు బదులిచ్చే ప్రమాదం అక్కడే ఉంది. నీదో కాదో అనుమానం వస్తే కదలకుండా అడుగు.

మన తెలుగువాళ్లం గబగబా మాట్లాడతాం, చివరి అంకెలు మింగేస్తాం. నిమిషానికి వంద మాటలు మించకూడదని నియమం. అవతలివాళ్లు వేగంగా చెబితే నువ్వు నిదానంగా బదులివ్వు, చాలాసార్లు వాళ్లూ నిదానిస్తారు. అప్పటికీ అందకపోతే "సే అగైన్", ఇంకా అందకపోతే "స్పీక్ స్లోయర్". స్టాండ్‌బై అంటే ఆగమని, అనుమతి కాదు. కంట్రోలర్ మన తెలుగువాడని తెలిసినా రేడియోలో తెలుగు మాట్లాడకు. నీ మాటలు వింటూ నీ చుట్టూ ఎగిరే మిగతావాళ్లకు నువ్వెక్కడున్నావో తెలియాలి.

ఒక్క మాట మాత్రం అస్సలు దాచుకోవద్దు. 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 అనే విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం తగ్గిపోతోందని ఆ సిబ్బంది చెప్పారు, ప్రయారిటీ కావాలన్నారు. మేడే అని గానీ, ఫ్యూయల్ ఎమర్జెన్సీ అని గానీ అనలేదు. నీకు ఇంజిన్ తేడాగా ఉన్నా, దారి తప్పినా, మబ్బులో చిక్కుకున్నా, ప్రాణం మీదికి వస్తే మేడే అని, అంత కాకపోతే పాన్ పాన్ అని, మూడుసార్లు చెప్పు. పని చేస్తున్న ఫ్రీక్వెన్సీలో ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 ఉంది. ఇంగ్లీషు వాక్యం కుదరకపోయినా, వ్యాకరణం తప్పినా ఫరవాలేదు. తర్వాత ఏమంటారో అని ఆలోచించకు. ఏమైనా అంటే పెదనాయన చెప్పమన్నాడని చెప్పు.

రేడియో పూర్తిగా మూగబోతే ముందు వాల్యూమ్, హెడ్‌సెట్ ప్లగ్గు, ఫ్రీక్వెన్సీ చూసుకో, సగం సార్లు దోషం అక్కడే ఉంటుంది. కాకపోతే ట్రాన్స్‌పాండర్‌లో రేడియో పోయిందని చెప్పే 7600 కోడు పెట్టి, టవర్ నుంచి చూపే దీపాల కోసం చూడు. ఆగకుండా వెలిగే పచ్చ అయితే దిగొచ్చు, ఆగకుండా వెలిగే ఎరుపు అయితే దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్. నేను టవర్, నువ్వు విమానం. పెన్నూ ప్యాడూ దగ్గర పెట్టుకో, నీ విమానం అక్షరాలు ముందే చెప్పు. కొన్నిసార్లు వేగంగా చెబుతాను, కొన్నిసార్లు కావాలనే తప్పు ఎత్తు ఇస్తాను, నువ్వు తప్పుగా తిరిగి చెబితే పలక్కుండా ఊరుకుంటాను. మీ పెద్దమ్మ వంటింట్లో మిక్సీ వేసుకుంటే వేసుకోనీ, ఆ మోతలోనే చేద్దాం.

మీ పెదనాయన