ముందు వెలుతురు, ఆ తర్వాతే రంగు

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మైలపోలు ఫోటోలు, ఎనుమాముల మార్కెట్ మిర్చి ఫోటోలు చూశాను. ఫ్రేములు బాగా పెట్టావు. "సినిమాలాగా రావాలంటే ఏ ప్రీసెట్ కొనాలి మామా" అని అడిగావు కదా, ఒక్క నొక్కుతో ఫోటో రంగులు మార్చే ఆ రెడీమేడ్ సెట్టింగులు ఇప్పుడే ఏవీ కొనకు. ఫిల్మ్ లుక్ అనగానే అందరూ రంగు దగ్గరికి పరుగెత్తుతారు. నా లెక్కలో అందులో ముప్పాతిక వంతు వెలుతురు పనే. వెలుగు తెలుపులోకి ఎలా కరుగుతుంది, నీడ నలుపులోకి ఎలా దిగుతుంది అన్నది కుదిరితే రంగుకి చేయాల్సింది చాలా తక్కువ.

రా ఫైల్ అంటే ఇంకా ఫోటో కాదు. సెన్సర్ మీద ఎక్కడ ఎంత వెలుగు పడిందో రాసి పెట్టుకున్న లెక్క. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో పిక్సెల్‌కి 16,384 మెట్లు ఉంటాయి. మామూలు ఫోటో ఫైల్ జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మాత్రమే. జేపెగ్ మీద వెలుగునీడలను మార్చే గీతను, అదే కర్వ్‌ను, గట్టిగా లాగితే ఆకాశంలో చారలు పడేది అందుకే. అయితే రా ఫైల్‌కీ ఒక మొండితనం ఉంది. సెన్సర్ వెలుగును తిన్నగా కొలుస్తూ పోయి, నిండగానే టక్కున ఆగిపోతుంది. ఆపైన ఉత్త తెలుపే. ఫిల్మ్ అట్లా కాదు, వెలుగు పెరిగేకొద్దీ మెల్లగా వంగుతుంది. ఈ వంపును 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు గ్రాఫు గీసి చూపించారు. పై వంపును షోల్డర్ అనీ, కింది వంపును టో అనీ ఇప్పటికీ అంటాం. నువ్వు వెతుకుతున్నది ఈ రెండు వంపుల్లోనే ఉంది.

కాబట్టి సగం పని కెమెరా దగ్గరే చేసుకోవాలి. కలర్ నెగెటివ్ ఫిల్మ్ మీద వెలుగు కాస్త ఎక్కువ పడినా తట్టుకునేది, అందుకే అప్పట్లో నీడలు చూసి ఎక్స్‌పోజర్, అంటే లోపలికి వదిలే వెలుగు, పెట్టుకునేవాళ్లం. డిజిటల్‌లో ఇది తలకిందులు. పోయిన తెలుపు మళ్లీ రాదు. నీ మిర్చి ఫోటోల్లో జరిగింది ఇదే. కుప్పల మీద ఎండ పడ్డ చోట కాయకీ కాయకీ తేడా లేకుండా ఒకటే ఎర్ర ముద్ద అయింది. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్, అంటే ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు, జేపెగ్ నుంచి గీసినది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిపి చూపిస్తే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లోపల ఎరుపు ఒక్కటే ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. మెనూలో మూడు రంగులనూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకో. మిర్చి, ఎర్ర పట్టుచీర, కుంకుమ ఉన్న చోట ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7 దాకా తగ్గించి తీయి. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చి అసలే నిగనిగలాడుతుంది, దానికి ఇంకాస్త తగ్గించినా తప్పులేదు.

ఇక సిస్టమ్ ముందు కూర్చున్నాక మొదటి పని వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా వెలుగు రంగును సరిచేయడం. నీ ఫోటోలన్నీ ఆటోలో ఉన్నాయి, ప్రతి ఫ్రేమూ ఒక్కో రంగులో ఉంది. ఫిల్మ్ రోల్‌కి 36 ఫోటోలకీ ఒకటే స్వభావం ఉండేది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు; పగటి ఎండకి చేసిన డేలైట్ ఫిల్మ్ సుమారు 5500 కెల్విన్‌కి, బల్బు వెలుగుకి చేసిన టంగ్‌స్టన్ ఫిల్మ్ 3200 కెల్విన్‌కి కట్టుబడి ఉండేవి. డేలైట్ రోల్‌తో ఇంట్లో బల్బు కింద తీస్తే గది పసుపుపచ్చగా, వెచ్చగా వచ్చేది. కిటికీ దగ్గరికి వెళ్తే మళ్లీ మామూలుగా ఉండేది. ఆ తేడా ఉంటేనే సాయంత్రం సాయంత్రంలాగా కనిపిస్తుంది. కాబట్టి ఒక్కో సందర్భానికి ఒక కెల్విన్ అంకె ఎంచుకుని, ఆ సెట్ అంతటికీ అదే పెట్టు. ఆ తర్వాత ఫ్రేముల ఎక్స్‌పోజర్లు ఒక లెవెల్‌కి తీసుకురా. ఇది బోరు కొట్టే పని, నాకు తెలుసు. కానీ ఇది చేయకుండా ఒకే ప్రీసెట్ వేస్తే ఒక ఫోటో బంగారంలా, పక్కది బూడిదలా వస్తుంది. నిజానికి సినిమా వాళ్లు కూడా ముందు షాట్లన్నీ ఒకదానికొకటి మ్యాచ్ చేసుకుని, లుక్ సంగతి ఆ తర్వాత చూస్తారు.

ఇప్పుడు కర్వ్. పై కుడి మూలను 255 నుంచి 245 దగ్గరికి దించు, దాని కింద గీతను కొంచెం గుండ్రంగా వంచు. కింది ఎడమ మూలను 8కో 10కో ఎత్తు, అంతకంటే వద్దు. ఈమధ్య అందరూ నలుపును బాగా పైకెత్తి పొగమంచు పట్టినట్టు చేసి ఫిల్మ్ లుక్ అంటున్నారు. థియేటర్లో తెర మీద పడే మంచి ప్రింట్‌లో నలుపు చిక్కగానే ఉండేది. పాలిపోయిన నలుపు పాత పేపర్ ప్రింట్లది, సరిగా చేయని స్కాన్లది. హైలైట్స్ స్లైడర్‌ని మైనస్ 100కి లాగే అలవాటు కూడా మానుకో, మబ్బులు మురికి పట్టినట్టు అవుతాయి. లైట్‌రూమ్‌లో రా ఫైల్‌కి షార్పెనింగ్ తనంతట తానే 40 ఉంటుంది, దాన్ని సగానికి దించు. క్లారిటీ, డీహేజ్ ముట్టుకోకు. ఆ రెండూ ముఖాల మీద గీతలను తవ్వి చూపిస్తాయి.

రంగు దగ్గరికి వచ్చేసరికి నాకు కొంచెం కోపం వస్తుంది. నీడలో నీలి ఆకుపచ్చ, వెలుగులో నారింజ పోసేసి సినిమా అంటే ఎలా? మైలపోలు ఫోటోల్లో పెళ్లికూతురి ముఖానికి పసుపు ఉంది. నీ గ్రేడ్‌లో, అంటే నువ్వు చేసిన రంగుల మార్పులో, ఆ పసుపు గడ్డం కింద ఆకుపచ్చగా మారింది, పిల్లకు ఒంట్లో బాగాలేదేమో అనిపిస్తుంది. బతుకమ్మ ఫోటోకి ఇదే లుక్ వేస్తే తంగేడు, బంతి రెండూ ఒకే నారింజలో కలిసిపోతాయి. పక్కపక్కన పేర్చిన రెండు పూలు విడివిడిగా కనిపించకపోతే ఆ గ్రేడ్ తీసేయాలి. నీడల్లో చల్లదనం కావాలంటే కొంచెం వేసుకో, రామప్ప ఫోటో ఒకటి పెట్టుకుని పరీక్షించు. 1213 నాటి ఆ గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింది మదనికలు నల్లరాయి. నల్లరాయి నీలంగా కనిపించడం మొదలైందంటే హద్దు దాటావు.

చర్మం రంగు కోసం డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, రంగు ఎటు వాలిందో చూపే వెక్టర్‌స్కోప్ తెరువు, ఉచిత వెర్షన్‌లోనే ఉంటుంది. స్కిన్ టోన్ గీత ఎరుపుకీ పసుపుకీ మధ్యన వస్తుంది. మనిషి నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఆ గీతకు అటూ ఇటూగానే పడాలి. పసుపు రాసిన ముఖం మాత్రం పడదు, పడాల్సిన పనీ లేదు. పక్కన కూర్చున్న తండ్రి ముఖం చూసి సరిచేసుకో. ఇంకో మాట, ఎవరి ముఖాన్నీ తెలుపు చేయకు. ఫోటోలు తీయించుకునే పార్టీ వాళ్లు అడుగుతారు. మంచి వెలుగులో పెట్టి తీశానని చెప్పు.

ఫిల్మ్‌లో రంగు అద్దకాలతో ఏర్పడుతుంది. అద్దకం చిక్కబడితే రంగు ముదురుతుంది, దాంతోపాటు కొంచెం చీకటి కూడా అవుతుంది. డిజిటల్‌లో సాచురేషన్, అంటే రంగు గాఢత, పెంచితే రంగు ముదరకపోగా వెలిగిపోతుంది. అందుకే సాచురేషన్ జోలికి పోకుండా ఒక్కో రంగునూ విడిగా మార్చే హెచ్‌ఎస్‌ఎల్ ప్యానెల్‌లో ఎరుపు, నారింజ ల్యూమినెన్స్, అంటే వాటి వెలుగు, కొద్దిగా దించి చూడు. పట్టుచీర ఎంత బరువుగా కనిపిస్తుందో నీకే తెలుస్తుంది. మార్పు చీర వరకే పడేలా మాస్క్ వేసి చేయి, లేకపోతే ముఖాలు కూడా నల్లబడతాయి.

లట్ల సంగతి అడిగావు, అవి ఒక రంగును ఇంకో రంగుగా మార్చే రెడీమేడ్ పట్టికలు. రిజాల్వ్‌తో వచ్చే, సినిమా ప్రింట్ ఫిల్మ్ రంగులను అనుకరించే కోడాక్ 2383 లట్ మంచిదే. కాకపోతే అది సినియాన్ లాగ్ అనే, ఫిల్మ్ స్కాన్ల కోసం చేసిన చప్పటి సిగ్నల్ కోసం తయారైంది. మామూలు జేపెగ్ మీద వేస్తే నీడలు మూసుకుపోతాయి, ముఖాలు మాడిపోతాయి. ముందు సినియాన్‌లోకి మార్చి తర్వాతే వేయాలి. అదంతా తలనొప్పి అనుకుంటే కర్వ్‌తోనే సరిపెట్టుకో.

జాతర దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు కావాలన్నావు, దాన్ని హలేషన్ అంటారు. గట్టి వెలుగు ఫిల్మ్ పొరలన్నీ దాటి, వెనక బేస్ నుంచి తిరిగొచ్చి, అన్నిటికంటే అడుగున ఉన్న ఎరుపు పొరను మళ్లీ తాకుతుంది. అందుకే అది ఎర్రగా ఉంటుంది. దీపం, బల్బు లాంటి చుక్కలకే వేయి. తెల్ల చొక్కాల చుట్టూ వస్తే వెంటనే తగ్గించు. గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లో కనిపించే సన్నటి గరుకు, అన్నిటికంటే చివర, ఫోటో సైజు మార్చాక వేయి. పైనా కిందా నల్ల పట్టీలు పెట్టడం గురించి నేనేమీ చెప్పను.

మండపంలో నీలం, గులాబీ ఎల్ఈడీ లైట్లు ముఖం మీద పడితే ఏ గ్రేడింగూ కాపాడదు. తలంబ్రాల టైమ్‌కి వాటిని ఆపమని లైటింగ్ అబ్బాయిని ముందే బతిమాలుకో.

వీలున్నప్పుడు మన వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తీసిన బతుకమ్మ, పల్లె ఫోటోలు చూడు. ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ కోడాక్రోమ్ అనే కలర్ ఫిల్మ్ మీద తీసినవి కూడా చూడు, మన ఎండలో ఎరుపు ఎంత దూరం వెళ్లొచ్చో తెలుస్తుంది.

ఆల్బమ్ ల్యాబ్‌కి ఇచ్చేముందు నాలుగు ఫోటోలు టెస్ట్ ప్రింట్ వేయించు. కాగితం మీద స్క్రీన్ కంటే చీకటిగా వస్తాయి, బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టి పనిచేస్తే ఇంకా చీకటిగా వస్తాయి. ఫోన్లకు పంపేవి మామూలు స్క్రీన్ల రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీలోనే సేవ్ చేయి. ఈసారి నాకు వాట్సాప్ ఫోటోలు వద్దు, మిర్చివి రా ఫైళ్లే డ్రైవ్‌లో పెట్టు. ఎరుపు ఎంత మిగిలిందో చూసి చెప్తాను.

అక్కను అడిగానని చెప్పు.

మీ మామ