ఎవరొచ్చినా ఇంతే అంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఓట్ల గురించి, ఎమ్మెల్యేల గురించి మొన్న నువ్వన్న మాటల మీద రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఆవేశపడతావు, నేను గొంతు పెంచుతాను, మీ అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుంటుంది. ఉత్తరమే నయం.

నీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. మనం ఒక గుర్తుకు ఓటేస్తే గెలిచినాయన ఇంకో కండువా కప్పుకుంటున్నాడు. 2018లో మన తెలంగాణలో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 19 మందిలో 12 మంది మరుసటేడు జూన్‌లో టీఆర్ఎస్ శాసనసభాపక్షంలో కలిసిపోయారు. 2023 తర్వాత గాలి ఇటు తిరిగింది. బీఆర్ఎస్ నుంచి గెలిచిన పది మంది కాంగ్రెస్‌లోకి ఫిరాయించారన్న ఫిర్యాదుల్ని మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఎమ్మెల్యేను నడుమ వెనక్కి పిలిచే హక్కు మన చట్టంలో లేదు. కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

కానీ "ఈసారి నోటాకే" అన్నావు చూడు, అక్కడ నాకు పేచీ ఉంది. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన, నిలబడ్డవాళ్ళెవరూ వద్దని చెప్పే బటన్ అది. అసెంబ్లీ ఎన్నికలో వందకు 60 ఓట్లు నోటాకే పడినా, మిగతా 40లో ఎవరికి ఎక్కువొస్తే ఆయనే ఎమ్మెల్యే. వెయ్యొద్దనను. నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ మనసుకు రాకపోతే వెయ్యి. దాంతో ఎవరికో బుద్ధి వస్తుందని మాత్రం అనుకోకు. నీకేం కావాలో ఆ బటన్ ఎవరికీ చెప్పదు.

కావలసింది చెప్పడం ఎట్లాగో మన నల్లగొండ జిల్లాకు ఎప్పుడో తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల నాటికి నీకు పళ్ళు కూడా సరిగ్గా రాలేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగినవాళ్ళు, కాళ్ళు వంకరపోయిన పిల్లలు మనకు పరాయివాళ్ళు కాదు గదా. నీళ్ళ కోసం పోరాడే జలసాధన సమితి పిలుపు మీద జనం నిరసనగా పోయి నామినేషన్లు వేశారు. నల్లగొండ సీటుకు 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది సీపీఐ ధర్మభిక్షం గారే, కానీ మన నీళ్ళ సంగతి ఢిల్లీ దాకా తెలిసింది. అదే ఏడు తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఇవన్నీ చూసి ప్రభుత్వం చురుగ్గా చేసిన పనేమిటంటే, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచడం. నీళ్ళ మీద అంత చురుకు చూపలేదు.

ఆ డిపాజిట్ 25 వేలయ్యాక కూడా 2019లో పసుపు బోర్డు కావాలన్న నిజామాబాద్ రైతులు వెనక్కి తగ్గలేదు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 170కి పైగా రైతులే. వాళ్ళలో ఎవరూ గెలవలేదు, సిట్టింగ్ ఎంపీ మాత్రం ఓడారు. గెలిచినాయన పసుపు బోర్డు తెస్తానని ఎన్నికలకు ముందు బాండ్ పేపరు మీద రాసిచ్చారు. అందులో రాసిన గడువు ఎప్పుడో దాటిపోయింది, రైతులు ఆ బాండ్ పేపరును ఆయనకు గుర్తుచేస్తూనే వచ్చారు. 2023 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో బోర్డు మొదలైంది. ఆ బోర్డుతో పసుపు ధర ఏమవుతుందన్నది వేరే ముచ్చట. కావలసింది ఇదీ అని తేల్చి అడగడం, అది కాగితం మీద ఉండడం నువ్వు గమనించాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళూ అంతే, సారా దుకాణం ఒక్కదాన్నే పట్టుకున్నారు. మరుసటేడు అక్టోబర్‌కల్లా ఉమ్మడి రాష్ట్రమంతా సారా బందయింది.

నువ్వు "వ్యవస్థ మారాలి" అంటున్నావు. ఏ ఆఫీసులో, ఏ ఫైలు? మన ఊరి రోడ్డునే తీసుకో. అది పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ)దా ముందు కనుక్కోవాలి. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. "రోడ్డు ఎందుకు వెయ్యలేదు" అని రాస్తే, కారణాలు చెప్పడం మా పని కాదని తిప్పి పంపుతారు. మంజూరు ఉత్తర్వు నకలు, ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్ళు అడగాలి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితాలు చేతిలో ఉన్నవాడితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, అసిస్టెంట్ ఇంజనీరు అయినా ఎమ్మెల్యే అయినా.

ఎన్నికలొచ్చినప్పుడు అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ చదువు. ఫారం 26 అంటారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో పెడతారు. కేసులు అందరూ చూస్తారు. నువ్వు పాత అఫిడవిట్ కూడా పక్కన పెట్టుకుని ఆస్తులు చూడు, భార్య పేరు మీదవీ, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలతో సహా. మేనిఫెస్టో కంటే అదే బాగా చదివిస్తుంది.

ఇంకొకటి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్ళు మన పంచాయతీల్లో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. అన్ని రోజుల్లో నీ నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు. అసెంబ్లీ సంగతులు టీవీలో వస్తాయి, వీధి దీపం సంగతి రాదు.

చివరగా నీకు కొంచెం కష్టమనిపించే మాట. ఇన్నేళ్ళుగా కూకట్‌పల్లిలో ఉంటూ ఓటు ఊళ్ళోనే ఉంచుకున్నావు. చట్టం ప్రకారం మామూలుగా నివాసముండే చోటే ఓటుండాలి, రెండుచోట్ల ఉండకూడదు. నువ్వు రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే రోడ్డు మీద నీకు ఓటే లేదు, తెలుసా? ఫారం 8 నింపితే మార్చుకోవచ్చు, ఆన్‌లైన్లోనే పని. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకు, ఆ హడావుడిలో పేర్లు గల్లంతవుతాయి. మార్చుకున్నాక నీ పేరు జాబితాలో ఉందో లేదో నువ్వే చూసుకో, జాబితా చూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) చూస్తాడులే అనుకోకు.

ఊరి రోడ్డు దరఖాస్తు నేను వేస్తాను. ఎం-బుక్ కాగితాలు రాగానే వాట్సాప్ చేస్తా. నువ్వు సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడివి, ఎన్ని మీటర్లు రాశారో, మందం ఎంత చూపించారో లెక్క కట్టి చెప్పు. ఇక్కడ టేపు పట్టి కొలవడానికి నేనూ, మీ చిన్నమామా ఉన్నాం.

మీ మామయ్య