‘చాలా’ అంటే వెరీనా, టూనా?

సందేహం: ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. పదాల పట్టికలో వెరీ, టూ, మచ్ మూడింటికీ ‘చాలా’ అని రాసుకున్నాను. ‘ఐ వెరీ లైక్ దిస్ బుక్’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు. ‘ఈ పుస్తకం నాకు చాలా ఇష్టం’ అంటాం కదా, ఇందులో తప్పేమిటి? స్టిల్, యెట్, ఈవెన్‌లకు కూడా ‘ఇంకా’ అనే రాసుకోవచ్చా? మాట చివర ఎల్‌వై చేర్చడమంటే మన ‘గా’ చేర్చినట్టేనా?

సమాధానం: మీ తెలుగు వాక్యం నిక్షేపంలా ఉంది. చిక్కంతా ఆ పట్టికతోనే. మన ‘చాలా’ ఎవరి పక్కనైనా కూర్చుంటుంది: చాలా పెద్ద ఇల్లు, చాలా ఇళ్లు, చాలా నచ్చింది, చాలా త్వరగా. ఇంగ్లీషు వెరీకి ఆ చొరవ లేదు. విశేషణం ముందో, మరో క్రియావిశేషణం ముందో నిలబడుతుందే తప్ప క్రియ దగ్గరికి ఒంటరిగా వెళ్లదు. వెళ్లాలంటే మచ్‌ని వెంటబెట్టుకుని, మామూలుగా కర్మ తర్వాతికి పోవాలి: ‘ఐ లైక్ దిస్ బుక్ వెరీ మచ్’.

టూ సంగతి పూర్తిగా వేరు. అది ఎక్కువను కాదు, మితిమీరడాన్ని చెబుతుంది. దానికి మన దగ్గర ‘మరీ’ ఉండనే ఉంది. నీళ్లు ‘చాలా వేడిగా’ ఉన్నాయంటే స్నానానికి పనికిరావచ్చు. ‘మరీ వేడిగా’ ఉన్నాయంటే చన్నీళ్లు కలపాల్సిందే. ‘టూ స్మాల్ టు రీడ్’ లాంటివి వచ్చినప్పుడు ‘మరీ’ని కూడా పక్కనపెట్టి ‘చదవలేనంత చిన్నవి’ అనుకోండి, సరిగ్గా అతుకుతుంది. మెచ్చుకోలుగా ‘టూ గుడ్’ అనడం మన దేశపు ఇంగ్లీషులో వాడుకైపోయింది. మాటల్లో అంటే అనండి, పరీక్షలో మాత్రం రాయకండి. ‘మరీ బాగుంది’ అంటే తెలుగువాళ్లెవరూ పొంగిపోరు, దెప్పుతున్నారని తెలుసు!

‘చాలా’ పుట్టింది ‘చాలు’ నుంచే. సరిపడినంత అనే అర్థం పెరిగి పెరిగి ఎక్కువ అయింది. వెరీ మూలం పాత ఫ్రెంచిలో ‘నిజమైన’ అనే అర్థమున్న మాట. ‘నిజంగా బాగుంది’ అని మనం నొక్కి చెప్పడం లాంటిదే.

మీరు అడగలేదు గానీ, ‘బాగా’ ఇంకా గడుసుది. ‘బాగా పాడింది’లో రీతిని చెబుతుంది, ‘బాగా ఏడ్చింది’లో పరిమాణాన్ని చెబుతుంది. మొదటిది వెల్, రెండోది ఎ లాట్. ‘బాగా చదివాడు’ అన్నప్పుడు చక్కగా చదివాడా, ఎక్కువ చదివాడా అన్నది సందర్భమే తేల్చాలి. ఇంగ్లీషులో రాసేముందు ఆ తీర్పేదో మీరే ఇచ్చుకోవాలి.

‘ఇంకా’కూ అంతే. ‘ఇంకా నిద్రపోతున్నాడు’లో స్టిల్. ‘ఇంకా లేవలేదు’లో వ్యతిరేకార్థం ఉంది కాబట్టి యెట్, అదీ సాధారణంగా వాక్యం చివర. అక్కడ కూడా స్టిల్ వాడి ‘హి స్టిల్ హాజంట్ గాట్ అప్’ అన్నారంటే విసుగు తొంగిచూస్తుంది. మనం ఆ విసుగును గొంతులోనే పలికిస్తాం. ‘ఇది ఇంకా పెద్దది’ అంటే ఈవెన్ బిగ్గర్. ‘ఇంకా కావాలి’ అంటే వట్టి మోర్. కాబట్టి పట్టికలో ఒక్క మాట రాసుకోకుండా వాక్యం మొత్తం రాసుకోండి.

ఇక ‘గా’. స్లోలీ అంటే నెమ్మదిగా, క్వైట్లీ అంటే నిశ్శబ్దంగా అనుకోవడం చాలాచోట్ల చెల్లుతుంది. అసలు గోతి ‘ఉండు’ దగ్గర ఉంది. ‘నీళ్లు వేడిగా ఉన్నాయి’, ‘ఆమె దిగులుగా కనిపిస్తోంది’ అన్న వాక్యాల్లో మనకు ‘గా’ తప్పనిసరి. ఇంగ్లీషులో అక్కడ ఎల్‌వై పనికిరాదు. హాట్, సాడ్ అనే విశేషణాలే కావాలి. ‘షి లుక్స్ సాడ్లీ’ అని రాసేవాళ్లు మన ‘గా’ను మోసుకెళ్లి అక్కడ దించుతున్నారన్నమాట. ఫాస్ట్‌కు ఎల్‌వై లేదు. ఫ్రెండ్లీకి ఉన్నా అది విశేషణమే. హార్డ్‌కు చేరిస్తే అర్థమే తిరగబడుతుంది: ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడు, ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే పని చేసీ చేయనట్టే.

వరస కూడా చూసుకోండి. ‘నిన్న గ్రంథాలయంలో నిశ్శబ్దంగా చదువుకుంది’ అన్నప్పుడు మనకు కాలం, చోటు, రీతి, ఆపైన క్రియ. ఇంగ్లీషులో మామూలుగా ఇది అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది: ‘షి రెడ్ క్వైట్లీ ఇన్ ద లైబ్రరీ ఎస్టర్డే’. కాలాన్ని నొక్కాలంటే ఎస్టర్డేని మొదటికి తెచ్చుకోవచ్చు. క్రియకూ కర్మకూ మధ్య మాత్రం రీతిని దూర్చకండి. ‘షి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లీష్’ అంటే మీ మాస్టారు మళ్లీ కొట్టేస్తారు.