బెట్ అంటే పందెం కాదు

మీ అబ్బాయి మాట్లాడేది ఇంగ్లీషే అయినా సగం అర్థం కావడం లేదని, ఆ మాటల్లో తలపొగరు వినిపిస్తోందని రాశారు. ఆ బాధ నాకు తెలుసండీ. కొన్నేళ్ల కిందట మా అబ్బాయికి "ఆరింటికల్లా ఇంటికి రా" అని మెసేజ్ పెడితే, "బెట్" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. నాతో పందెం కాస్తున్నాడనుకుని, గుమ్మంలో అడుగు పెట్టగానే కోప్పడ్డాను. అప్పటికి ఆరు కూడా కాలేదు. బెట్ అంటే 'సరే, అలాగే' అని తర్వాత తెలిసింది. చిన్నబోయిన వాడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లమే ఇక్కడ ఎక్కువగా పొరబడతాం. మాట మనకు తెలిసిందే, అర్థమే మారిపోయింది. క్యాప్ అంటే టోపీ కాదు, అబద్ధం. 'నో క్యాప్' అంటే 'ఒట్టు, నిజమే' అని. సస్ అంటే అనుమానం కలిగించేది. రిజ్ అంటే ఎదుటివారిని ఆకట్టుకునే నేర్పు. కరిస్మా అనే మాట నడుమ నుంచి పుట్టిందంటారు. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా దాన్నే ఎంచారు. 2025లో డిక్షనరీ డాట్ కామ్ ఎంచిన 'సిక్స్ సెవెన్'కు మాత్రం స్థిరమైన అర్థమంటూ లేదు. పిల్లలు అది అంటూ చేతులు పైకీ కిందికీ ఆడిస్తుంటే కారణం వెతకకండి.

ఫోనులో పుర్రె బొమ్మ చూసి భయపడకండి. 'నవ్వలేక చచ్చాను' అని దాని అర్థం. మన వైపు నుంచి జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. "సరే" అని రాసి చివర చుక్క పెడితే, అమ్మకు కోపం వచ్చిందని చాలామంది పిల్లలు అనుకుంటారు.

తెలుసుకోమన్నాను కదా అని ఆ మాటలను మీరు వాడకండి, ముఖ్యంగా ఆఫీసులో. బెట్, క్యాప్, స్లే (అదరగొట్టడం) వంటివి చాలావరకు అమెరికాలోని నల్లజాతి వారి మాటల నుంచి వచ్చినవి. ఆ చరిత్ర తెలియకుండా అనుకరిస్తే వెక్కిరింపుగా తోచి ఎవరి మనసైనా నొచ్చుకోవచ్చు.

అన్నీ తేలిగ్గా తీసుకోవలసినవి కావు. 'కేవైఎస్' అని మూడక్షరాలు కనిపిస్తే మాత్రం ఆగండి. చచ్చిపొమ్మని చెప్పే మాట అది. సరదాగా అనుకున్నామని పిల్లలు అన్నా, ఎవరు రాశారో, ఎందుకు రాశారో నెమ్మదిగా కనుక్కోండి. పదేపదే వస్తుంటే బడిలో చెప్పండి.

మిగిలిన మాటలకు మీ అబ్బాయే నిఘంటువు. స్నేహితుల ముందు కాకుండా, మీరిద్దరే కారులో వెళ్తున్నప్పుడు అడగండి. "ఆ మాట నాకు తెలియలేదు నాన్నా, ఎప్పుడు వాడతారు?" అంటే చాలు. మా వాడు మొదటిసారి అలా చెప్పడం మొదలుపెట్టి, ఇల్లు వచ్చినా కారు దిగలేదు.