యాక్సిడెంట్ కేసు ఫీజులో బ్రోకరుకు వాటా ఉంటే ఏం చేయాలి?

పాలకొల్లు నుంచి అడిగారు: అన్నయ్య రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆసుపత్రి దగ్గర పరిచయమైన ఒకాయన భీమవరంలో ప్లీడరు గారిని చూపించాడు. వచ్చినదాంట్లో 20 శాతం ఫీజు, అందులో సగం ఆ తీసుకెళ్లినాయనకే అని తర్వాత తెలిసింది. ఇది మామూలేనా అని.

జరుగుతూనే ఉంది కానీ తప్పే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం అడ్వకేటు కానివాళ్లతో ఫీజు పంచుకోకూడదు. పరిహారంలో ఇంత శాతం అని మాట్లాడుకోవడమూ కుదరదు. హైకోర్టులో ఇంకో అడ్వకేటును పెట్టుకుని పంచుకుంటే అది వేరు. అప్పుడు కూడా ఎవరికెంతో అడిగి తెలుసుకోండి.

10 లక్షలొస్తే 2 లక్షలు ఫీజు. అందులో లక్ష, ఒక్క కాగితం రాయని మనిషికి. అసలు నష్టం ఇంకా పెద్దది. కేసు తేలేదాకా అతనికి రూపాయి రాదు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు ఎంతంటే అంతకు లోక్ అదాలత్‌లో "రాజీ పడిపోండమ్మా" అని వెంటపడతాడు. ఆ అవార్డు (లోక్ అదాలత్ తీర్పు) మీద అప్పీలు ఉండదు. అన్నయ్య వయసు, సంపాదన సరిగా లెక్కగట్టకుండా ఒప్పుకుంటే పిల్లల నోటిదగ్గర కూడు పోయినట్టే.

వదిన గారిని ఖాళీ వకాలత్ (ప్లీడరుకు కేసు అప్పగించే కాగితం) మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టనివ్వకండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టే బ్రోకర్లు చెక్కులు, ఏటీఎం కార్డు ముందే తీసి దగ్గర పెట్టుకుంటారు. ఫీజు శాతంలో కాకుండా అంకెల్లో, ఏ దశకెంతో రాయించుకోండి. కోర్టు ఫీజు, గుమాస్తా ఖర్చు విడిగా.

"ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (బండిని తనిఖీ చేసే రవాణా అధికారి) రిపోర్టులు నేనే తెస్తా" అన్నదే బ్రోకరు బలం. ఎఫ్‌ఐఆర్ కాపీ స్టేషన్‌లో ఉచితంగా ఇవ్వాలి. ఛార్జిషీటు పడ్డాక మిగతావి కోర్టులో సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెడితే వస్తాయి.

ఇప్పటికే వకాలత్ ఇచ్చేసి ఉంటే, ప్లీడరును మార్చడానికి ఆయన నో అబ్జెక్షన్ అడగండి. ఇవ్వకపోతే కోర్టు అనుమతి కోరవచ్చు. ఫీజు బాకీ అని కేసు కట్ట ఆపుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు.

ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా అడ్వకేటును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంది, కాబట్టి ఓపీ (పరిహారం కోరే పిటిషన్) ఆలోపే వేయించండి.