ఎన్‌కోడర్ ఎర్రర్ వస్తే ముందు కేబుల్‌ను చూడండి

ప్రశ్న: మా మామిడి గుజ్జు పరిశ్రమలో ప్యాకింగ్ యంత్రపు సర్వో డ్రైవ్ అప్పుడప్పుడూ ఎన్‌కోడర్ ఎర్రర్ చూపి ఆగిపోతోంది. ఎన్‌కోడర్ మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అప్పుడే వద్దండీ. ఎన్‌కోడర్ అంటే మోటారుకు అమర్చి ఉండి, అది ఎంత తిరిగిందో దాన్ని నడిపే సర్వో డ్రైవ్‌కు కేబుల్ ద్వారా తెలిపే సెన్సర్. ఉండి ఉండి వచ్చే ఈ లోపానికి తరచుగా కేబులే కారణమవుతుంది. యంత్రంతో పాటు అటూ ఇటూ కదిలే కేబుల్‌లో, పైతొడుగు చెక్కుచెదరకుండానే, లోపలి రాగి తీగ తెగి, వంగినప్పుడల్లా విడిపోతూ ఉంటుంది. విద్యుత్తు ఆపి, రెండు చివరలా కేబుల్ విప్పి, దాన్ని వంచుతూ మల్టీమీటర్‌తో ఒక్కొక్క తీగనూ పరీక్షించండి. యంత్రాన్ని కడిగే నీరు కనెక్టర్‌లో చేరి పిన్నులకు పచ్చని చిలుము పట్టిందేమో కూడా చూడండి. ఎన్‌కోడర్ 5 వోల్టులతో పనిచేసే రకమైతే, కేబుల్ మళ్లీ తగిలించి విద్యుత్తు ఇచ్చాక, దానికి అందే వోల్టేజీని డ్రైవ్ దగ్గర కాక ఎన్‌కోడర్ దగ్గరే కొలవాలి. ఇవన్నీ బాగుండి, అదే మోడల్ మోటారు మరొకటి తగిలిస్తే ఎర్రర్ రాకపోతేనే ఎన్‌కోడర్‌ను అనుమానించండి. మార్చాక మాత్రం రోటర్ (మోటారులో తిరిగే భాగం) అయస్కాంత ధ్రువాలతో దాన్ని సరిగా అలైన్ చేయకపోతే మోటారు అదుపు తప్పవచ్చు కనుక, ఆ పని అనుభవజ్ఞుల చేతే చేయించండి.